పుంజు వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఏవండీ, ఆ పుంజు సంగతి ఆదివారంలోగా తేల్చండి. గుడ్డు పెట్టదు, కూత మానదు, గింజ వదలదు. పక్కింటి వదినగారు మొహం తిప్పుకుంటున్నారు. పైగా చిట్టిపెట్ట పొదగడానికి కూచుంది.”

అవతారిక

ఈ గ్రంథం గద్యం. ఛందస్సు లేకపోయినా కోపం వల్ల లయ కుదిరింది. కర్త్రి మా గృహిణి. వెలువడిన కాలం శుక్రవారం తెల్లవారుజాము, పుంజు రెండో కూతకూ మూడో కూతకూ నడుమ. స్థలం పిఠాపురంలో మా పెరడు. అందులో ఒక మునగచెట్టు, ఒక నీళ్ల గాబు, ఒక కోళ్లగూడు, ఆరు పెట్టలు, ఒక వివాదం. శ్రోత టీకాకారుడే. బడిలో పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి చెప్పి రిటైరైనవాడు గనక, ఉంచుదామనో పంపేద్దామనో ఒక్క ముక్కలో చెప్పడం చేతకాక వ్యాఖ్యకు పూనుకున్నాడు. పూర్వ వ్యాఖ్యాతలు మహాకావ్యాల మీద రాశారు కదా, నీకు కోడి దొరికిందా అని ఎవరైనా అడిగితే, వాళ్లెవరికీ ఆదివారం గడువు లేదని మనవి.

మంగళం

కుక్కుటేశ్వరుడి ఊళ్లో కాపురముంటూ కోడి మీద రాసేవాడు ముందు ఆయనకే దణ్ణం పెట్టాలి. పాదగయ కథ ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. గయాసురుడు తన ఒంటినే యజ్ఞవేదికగా ఇచ్చి, గడువు తీరేదాకా కదలనని మాటిచ్చాడు. గడువు ఇంకా ఉండగానే శివుడు కోడై కూశాడు. తెల్లారిందనుకుని అసురుడు కదిలాడు, మాట తప్పాడు. లోకకల్యాణానికి వేళ తప్పి కూయడమనే సంప్రదాయం సాక్షాత్తూ ఈ ఊరిదే అని టీకాకారుడు మా పుంజు తరఫున మొదలుపెట్టాడు. “ఆయన కూసింది ఒక్కసారే” అన్నారు మూలకర్త్రి. మంగళాచరణం అక్కడితో సమాప్తం.

ప్రతిపదార్థం

ఏవండీ = ఓ భర్తా (గౌరవం వాచ్యం, హెచ్చరిక వ్యంగ్యం); ఆ పుంజు = దూరాన ఉన్న ఆ కోడిపుంజుయొక్క (నిజానికది కిటికీ కిందే ఉంది; ఈ దూరం మనసుది); సంగతి = ఉండుటా పోవుటా అను విషయమును; ఆదివారంలోగా = ఆదివారం రాకమునుపే; తేల్చండి = నిశ్చయింపుడు. తక్కిన పదాలకు అర్థం తేలిక, వాటి వెనకున్న వ్యవహారమే బరువు. కాబట్టి వాటిని విడివిడిగా విచారిద్దాం.

పాఠాంతరం

మా అబ్బాయి ఈ వాక్యాన్ని “ఆదివారానికి తేల్చండి” అని విన్నానంటాడు. తేడా ఒక్క ప్రత్యయంలోనే ఉన్నా పుంజుకది ప్రాణాంతకం. మొదటి పాఠంలో నిర్ణయం, రెండో దాంట్లో కూర. ఆ పాఠం గ్రాహ్యం కాదు. అందుకు కారణం దయ ఒక్కటే కాదు, పుంజు పుట్టుక కూడా.

ఇది వీధిలోకొచ్చిన రంగుపిల్ల. మా మనవరాలు కొన్ననాడు గులాబీ రంగులో ఉండేది. గుడ్ల కోళ్ల హేచరీల్లో పిల్ల పుట్టినరోజే ఆడదేదో మగదేదో వేరు చేస్తారు. ఆ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు సరే, బ్రాయిలర్ లాగా ఒళ్లూ చెయ్యదు. దాన్ని మేపడం దండగని కారుచౌకగా వదిలించుకుంటారు. వాటికి రంగులద్ది గంపల్లో పెట్టుకుని వీధులమ్మట అమ్ముతారు. చాలావరకు వారం తిరక్కుండా చచ్చిపోతాయి. మాది బతికింది, రంగు రాలి తెల్లబడింది, తురాయి ఎర్రబడింది. అప్పటికి గానీ “పెట్టపిల్లేనమ్మా” అని అమ్మినవాడు చెప్పిన మాట అబద్ధమని తెలియలేదు. ఇంత చరిత్ర మోసి, కోస్తే తీరా మిగిలేది ఎముకల పులుసు. ఆ విధంగా ఆదివారపు పాఠం అర్థశాస్త్రం దగ్గర కూడా వీగిపోయింది.

ఇక పందెం సంగతి. గోదావరి జిల్లాల్లో పుంజున్న ఇంటికి సంక్రాంతి ముందు బంధువుల రాక పెరుగుతుంది. భీమవరం నుంచి మా బావమరిది వచ్చి, దాన్ని ఎత్తి, కాళ్లు పట్టి చూసి, రెక్క విప్పి చూసి, నిట్టూర్చాడు. కుక్కుటశాస్త్రంలో పుంజుల్ని ఈక రంగును బట్టి కాకి, డేగ, నెమలి, పర్ల, కౌజు, మైల, రసంగి అని విభజించారు. ఏ వారం ఏ దిక్కున ఏది దేని మీద గెలుస్తుందో కూడా చెప్పారు. తెల్లది సేతువ. “సేతువే గానీ బావా, ఫారం సేతువ” అని తేల్చేశాడు. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది, గేమింగ్ చట్టం 1974 నాటిది, రెండూ కోడిపందేలను ఒప్పవు అని టీకాకారుడు అన్నాడు. బావమరిది కాఫీ తాగాడు. ఓరుగల్లులో కోడిపందెం ఎలా ఉండేదో క్రీడాభిరామంలో ఉందని అతనికి చెప్పడం తెలివితక్కువ అయింది. ఆ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పల్నాట్లో నాగమ్మ పుంజు గెలిచి, బ్రహ్మనాయుడి పుంజు ఓడి, మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊళ్లు పట్టిపోయారు కదా అని గుర్తుచేశాను. అది కత్తి కట్టడంలో పొరపాటన్నాడు.

గుడ్డు పెట్టదు

ఇక్కడొక పూర్వపక్షం ఉంది. పుంజు తాను గుడ్డు పెట్టకపోయినా, అది లేకపోతే పెట్టలు పెట్టవు గనక, గుడ్డులో దానికీ వాటా ఉందని కొందరి వాదం. ఊళ్లో చదువుకున్నవాళ్లే ఎక్కువగా ఈ మాట అంటారు. తప్పు. పెట్ట ఈడుకొస్తే పుంజు మొహం చూడకపోయినా గుడ్డు పెడుతుంది. ఒక్కో గుడ్డు తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది, ఆ పనిలో మగవాడి ప్రమేయం ఏమీ లేదు. కొట్లో అట్టల్లో కొనే ఫారం గుడ్లన్నీ పుంజు లేని షెడ్లలో పెట్టినవే. పుంజు వల్ల గుడ్డుకు బలం వస్తుందన్నదీ వట్టి మాటే. తినేవాడికి రెండు రకాల గుడ్లలోనూ పోషకాలు ఒకటే.

ఈ ప్రసంగంలో మా అమ్మ ఒక ధర్మసూక్ష్మం లేవదీసింది. పుంజు లేని ఇంట్లో గుడ్డు పిల్ల కాలేదు, పిల్ల కాలేనిది జీవం కాదు, జీవం కానిది కార్తీకంలో తినొచ్చు కదా అని. ఇది గాంధీగారు కూడా ఆలోచించిన విషయమే. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో ఆయన, పాలు తాగేవాడికి పిల్ల కాని గుడ్డు తినడానికి అభ్యంతరం ఉండక్కర్లేదన్నారు. అమ్మకు ఈ ప్రమాణం చూపిస్తే చాలా సంతోషించింది. “మిగతా పదకొండు నెలల్లో గాంధీగారు ఎందుకు గుర్తురారో” అని వంటింట్లోంచి వినపడింది. అది మూలంలో లేని వాక్యం, ప్రక్షిప్తం.

అసలు విశేషం ఇది, పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. పుంజు తొక్కిన పెట్ట గుడ్డులో పిండం అప్పటికే మొదలై ఉంటుంది. చల్లగా ఉంటే అది నిద్రపోతుంది. వెచ్చబడితే లేస్తుంది. పొదిగే వేడి 37.5 డిగ్రీలు. మే నెలలో పిఠాపురంలో మన వంటింటి గూడు ఆ దరిదాపుల్లోకి పోవడం వింత కాదు. అప్పుడు ఆ గుడ్డు పిల్లా కాదు, తిండీ కాదు. సగం పెరిగి, ఆగి, మురుగుతుంది. పగలగొడితే సొనలో ఎర్రని గీతలు. పుంజు తగలని గుడ్డుకు ఈ బాధ లేదు, ఎండలోనూ ఎక్కువ రోజులు ఆగుతుంది. వేడి దేశాల్లో తినే గుడ్ల కోసం పెంచే మందలో పుంజును ఉంచొద్దని కోళ్ల శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పడానికి కారణం అదే. అంటే గుడ్డు పెట్టకపోవడం దాని దోషం కాదు. పెట్టిన గుడ్డును పాడుచెయ్యడం మాత్రం దాని దోషమే. మూలకర్త్రి ఈ సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే వ్యాఖ్య ఇంత పొడుగయ్యేది కాదు.

కూత మానదు

కోడి కూస్తే తెల్లవారుతుందా, తెల్లవారితే కోడి కూస్తుందా? నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ మొదటి పక్షం. రెండో పక్షం లోకం. రెండూ కావని 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. పగలూ రాత్రీ తెలియకుండా ఒకే మసకవెలుతురులో పెట్టినా పుంజులు తమ వేళకు తాము కూశాయి. గడియారం వాటి ఒంట్లోనే ఉంది, అది సూర్యుడి కన్నా ముందు నడుస్తుంది. ఒకేచోట నాలుగు పుంజులుంటే పెద్దది కూశాకే మిగతావి వరసలో కూస్తాయని అదే బృందం తర్వాత చూపింది. మా పుంజుకు పెద్దా లేదు, చిన్నా లేదు. తానే మొదలుపెట్టి, తానే అందుకుని, తానే ముగిస్తుంది. మోటారు స్కూటర్ ఆగినా కూస్తుంది, కరెంటు వచ్చినా కూస్తుంది. అహల్య ఇంటి ముందు ఇంద్రుడు వేళ కాని వేళ కోడై కూశాడని పెద్దలు చెప్పే కథలో గౌతముడు ఎలా మోసపోయాడో ఇప్పుడు అర్థమవుతోంది. నాలుగింటికి నిద్రమత్తులో ఋషికైనా అనుమానం రాదు.

చప్పుడు సంగతి. 2018లో బెల్జియం పరిశోధకులు పుంజు చెవి దగ్గరే మైకు పెట్టి కొలిచారు. నూరు డెసిబెల్స్ దాటింది. మరి దాని చెవులు ఎందుకు పోవంటే, నోరు పూర్తిగా తెరవగానే చెవి నాళం దానంతటదే మూసుకుంటుందట. “దానికి మూసుకుంటుంది. మనకో?” అన్న మూలకర్త్రి ప్రశ్నకు సమాధానం బెల్జియంలో లేదు.

గింజ వదలదు

ఇక్కడ మూలకర్త్రి పరిశీలనలో కొంచెం లోటుందని టీకాకారుడు వినయంగా మనవి చేస్తున్నాడు. పుంజు గింజ వదలదన్నది పూర్తిగా నిజం కాదు. నూకలు చల్లితే అది ముందు తినదు. తలదించి, ఎత్తి, ఒక గింజను పట్టి వదిలి, కొక్కొక్కొక్ మని పెట్టల్ని పిలుస్తుంది. అవి వచ్చి తిన్నాకే తాను తింటుంది. ఇంటి యజమాని అన్నవాడు నేర్చుకోవలసిన ఆచారం. అయితే దీని లోపలి మర్మం కూడా పెద్దలు కనిపెట్టారు: పెట్ట దూరంగా ఉంటే, తినడానికి పనికిరాని పుల్లను చూపించి కూడా పుంజు ఇలాగే పిలుస్తుందట. ఈ భాగం మీద వ్యాఖ్య అనవసరం.

గద్ద కనిపిస్తే ఒక రకం కేక, కుక్కో ముంగిసో నేలమీద వస్తే ఇంకో రకం. మొదటిదానికి పెట్టలు మునగచెట్టు కిందకు దూరతాయి, రెండోదానికి మెడలు నిక్కిస్తాయి. ఈ కాపలా మాత్రం నిజం. పెట్టలు తమలో తాము పొడుచుకోవడం పుంజు ఉన్నచోట తగ్గుతుందన్నదీ నిజం. కానీ మా పెరట్లో కోళ్లకు అసలు శత్రువు బావురుపిల్లి, అది వచ్చేది రాత్రి. చీకట్లో కోడికి కన్ను కనపడదు. పుంజు కూడా కోడే. గూటి తలుపుకు గొళ్లెం పెట్టడమొకటే రాత్రి కాపలా, ఆ పని టీకాకారుడిది.

ఖర్చు: రోజుకు నూరు గ్రాములన్నా ఏడాదికి 36 కిలోల గింజ. చాలు.

పక్కింటి వదినగారు మొహం తిప్పుకుంటున్నారు

ఈ వాక్యమే గ్రంథానికి ఆయువుపట్టు. వదినగారి భర్త రాత్రి డ్యూటీ చేసి మూడింటికి ఇంటికొస్తారు. ఆయన కన్ను మూతపడే వేళకు మా పుంజు కన్ను తెరుస్తుంది. వదినగారు ఇంతవరకు ఒక్క మాటా అనలేదు. గోడ మీదుగా వచ్చే కరివేపాకు ఆగిపోయింది, అంతే. శబ్దకాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. ఆ లెక్కన మా పుంజు రోజూ నేరస్థుడే. ఫ్రాన్సులో ఓలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు మీద పొరుగువాళ్లు కోర్టుకెక్కితే, 2019లో తీర్పు పుంజు వైపే వచ్చింది. పల్లెల్లో వినిపించే చప్పుళ్లూ వచ్చే వాసనలూ వారసత్వమే అంటూ 2021 జనవరిలో ఆ దేశం చట్టమే చేసుకుంది. అక్కడ కోర్టుకెక్కినవాళ్లు సెలవులకు దీవికి వచ్చేవాళ్లు. ఇక్కడ వదినగారు మాకన్నా ముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నారు, పుంజు మొన్న సైకిలు మీద వచ్చింది. కాబట్టి ఆ తీర్పు మనకు వర్తించదు. పొరుగు ధర్మం కోసం కోడిని వదులుకోవచ్చు గానీ కోడి కోసం పొరుగును వదులుకోవడం ఏ శాస్త్రంలోనూ లేదు.

చిట్టిపెట్ట పొదగడానికి కూచుంది

ఇక్కడ పుంజు పక్షం చివరిసారి బలంగా లేస్తుంది. చిట్టిది నాటుపెట్ట. ఫారం జాతులకు పొదిగే బుద్ధిని మనిషే పుట్టుకలోంచి తీసేశాడు. ఏడాదికి అరవయ్యో డెబ్బయ్యో గుడ్లు పెట్టే నాటుపెట్టకది ఇంకా ఉంది. ఈకలు ఉబ్బించుకుని గంపలో కూచుని, చెయ్యి పెడితే పొడుస్తోంది. దాని కింద పది గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలు. పిల్లలు కావాలంటే గుడ్డుకు పుంజు కావాలి. కనుక పుంజు ఉండాలి అని పూర్వపక్షి గెలిచినట్టే కనిపిస్తాడు.

కానీ ఇందులో అనవస్థా దోషం ఉంది. పది పిల్లలు పుడితే సుమారు సగం పుంజులు. ఒక్క పుంజు సంగతి తేల్చడానికే ఇంత గ్రంథం అవసరమైంది. ఆ అయిదు పుంజులకు అయిదు గ్రంథాలు కావాలి. అవి ఎదిగి కూతకొచ్చేలోపు వాటి పిల్లలకు పిల్లలు. ఇలా పుంజును పుంజు కోసం ఉంచుకుంటూ పోతే వాదానికి అంతుండదు. ఇంకో లోపం నిష్పత్తిలో ఉంది. ఒక్క పుంజుకు ఎనిమిది పది పెట్టలుండాలి. మాకున్నవి ఆరు, అందులో ఒకటి గంపలో కూచుంది. మిగిలిన వాటిల్లో రెండింటికి తొక్కుడు వల్ల వీపున ఈకలు ఊడిపోయి చర్మం కనపడుతోంది. వాటి అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే గ్రంథం ఇంకా పొట్టిదయ్యేది.

పైగా పిల్లల కోసం పుంజును ఇంట్లో ఉంచుకోవలసిన పనే లేదు. పుంజు దూరమయ్యాక కూడా పది రోజుల దాకా పెట్ట పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. ఆ బీజాన్ని తన ఒంట్లోనే దాచుకునే ఏర్పాటు దానికుంది. అంటే అవసరమైనప్పుడు పుంజును నాలుగు రోజులకు అడిగి తెచ్చుకుంటే చాలు. అంతకన్నా తేలిక, గుడ్లనే తెచ్చుకోవడం. పొదిగే పెట్టకు గుడ్డు ఎవరిదన్న పట్టింపు లేదు. ఊళ్లో పుంజున్న ఇంటి నుంచి తాజా నాటుగుడ్లు తెచ్చి, రాత్రి చీకటిపడ్డాక కింద పెడితే సొంతవే అనుకుంటుంది. మా అమ్మా, మా అమ్మమ్మా చేసింది ఇదే. గంపెడు గుడ్లు అప్పు తెచ్చి, పిల్లల్లో రెండు వాటా ఇచ్చేవారు.

తాత్పర్యం

ఓ భర్తా, ఆ పుంజును ఇంట్లో ఉంచవద్దు, కొయ్యవద్దు, కత్తి కట్టేవారికి ఇవ్వవద్దు. గుడ్ల కోసం అది అవసరం లేదు, ఎండాకాలంలో గుడ్లకు చేటు. కాపలా నిజమే గానీ రాత్రికి పనికిరాదు. చిట్టిపెట్ట కింద బయట నుంచి తెచ్చిన గుడ్లు పెట్టు. పుట్టే పుంజుపిల్లలు కూతకు రాకముందే వాటికి చోటు వెతుకు. పొలం గట్టు మీద ఇల్లూ, పది పెట్టలూ, దూరాన పొరుగూ ఉన్నవారికి మాత్రం పుంజు ఉండవలసిందే. అలాంటి చోట ఈ వ్యాఖ్యంతా తలకిందులుగా చదువుకోవాలి.

మనవి

పై లక్షణాలున్న పాఠకులెవరైనా పిఠాపురం చుట్టుపక్కల ఉంటే దయచేసి కబురు చెయ్యండి. పుంజు తెల్లది, ఆరోగ్యంగా ఉంది, కొక్కెర తెగులుకు టీకా వేయించాం. ఈ టీకా రాసినవాడికి డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. పందేనికీ కూరకూ అడిగేవాళ్లు రావద్దు. గంప మాత్రం మీరే తెచ్చుకోండి.